మామ పేజీలో ఖాళీ

ఆగస్టు 5, మంగళవారం

నా పేరు కొట్టించింది నా తమ్ముడు చిన్నస్వామే. నలభై రెండేళ్లుగా నోటితో చెబుతున్నాను. ఈ రోజు కాగితం మీద పెడుతున్నాను. గుడుపల్లె పక్కన మా నాయన ఇంటి వంశం పుస్తకంలో రంగప్ప అనే పేరు మీద అడ్డంగా గీత ఉంది. నేను బతికే ఉన్నాను. గీత కూడా ఉంది.

ఇల్లరికం పోయినవాడికి పుట్టినింట్లో గీత పడితే అత్తగారింటి పేజీలో పేరు ఎక్కాలి. మాలో పద్ధతి అది. మొదటి బిడ్డకు పేరు పెట్టిన ఏడాది వంశం చెప్పేవాళ్లు వస్తారు. గడపలో కూర్చుని తాతముత్తాతల పేర్లు పాడి, కొత్త పేర్లు రాసుకుని పోతారు. మా మామ పెద్దవెంకటప్ప గడపకు వాళ్లు రానేలేదు. చిన్నస్వామి రానివ్వలేదు. వాడి కుళ్లు నాకు తెలుసు.

అందుకే నేను అక్కడా లేను, ఇక్కడా లేను. పోనీ. డెబ్బై ఏళ్లు వచ్చేదాకా ఏ పుస్తకంలోనూ పేరు లేకుండానే తిన్నాను, తిరిగాను. నాకు కావలసింది నా కొడుకు మురళి పేరు. తండ్రి పేరు లేనిది కొడుకు పేరు ఎక్కదని, మా గొర్రెల కాపుల వంశాలన్నీ కలిపి పుస్తకంగా అచ్చు వేయిస్తున్న వసంతమ్మ టీచరు చెప్పింది. పుస్తకం అచ్చుకు పోయేది సెప్టెంబరు పన్నెండున. ఆ తర్వాత ఎవరి తరమూ కాదు.

పన్నెండు లోపల నా పేరు ఎక్కాలి, దాని కింద వాడి పేరు ఎక్కాలి. అంతే నేను అడిగేది.

ఆగస్టు 6

మోకాలు. రాయలేదు.

ఆగస్టు 10, ఆదివారం

ఈ నోటుబుక్కు ఇచ్చింది టీచరే. రాస్తూ ఉంటే చేయి తిరుగుతుందని. ఎవరికీ చూపించనక్కరలేదంట. నేనెవరికి చూపిస్తాను.

పుంగనూరులో మేము పనిచేసేది జమీందారు కాలం సత్రంలో. రాతి స్తంభాలు, దూలాల మీద సున్నపు మిద్దె. గాడిదలు పండుకునేవి అందులో. పదకొండేళ్ల కిందట వసంతమ్మ టీచరు రిటైరయ్యాక ఎవరెవరి కాళ్లో పట్టుకుని తాళం తీయించి వంశావళి గ్రంథాలయం అని బోర్డు పెట్టింది. జీతం ఎవరికీ లేదు. టీచరు చదువుతుంది, రాస్తుంది. శ్రీనివాసులు ఒకప్పుడు బస్సు కండక్టరు, వచ్చినవాళ్ల పేరు ఊరు రాసుకుంటాడు. నేను తాళం తీస్తాను, ఊడుస్తాను, పుస్తకాల మధ్య వేపాకు పెడతాను.

నేను చేరింది పని లేక కాదు. మురళి చనిపోయిన ఏడాది ఇంట్లో కూర్చోలేక ఊరికే బజారులో తిరుగుతూ ఆ అరుగు మీద కూర్చునేవాణ్ణి. ఒకనాడు టీచరు చీపురు చేతికిచ్చింది. ఏమీ అడగలేదు.

వచ్చేవాళ్లు పెళ్లి వరసలు చూసుకోవడానికి వస్తారు. ముత్తాత పేరు తెలుసుకోవడానికి వస్తారు. శ్రీనివాసులుకు ఇంకా బస్సులో ఉన్నట్టే ఉంటుంది. "ముందుకు జరగండప్పా, లోపల జాగా ఉండాది! ఏ ఊరు? ఎంతమంది? తాత వరకా, ముత్తాత వరకా?" అంటాడు. వాళ్లు నవ్వుతారు. నేను నవ్వను.

నాకు చదువు తక్కువ. మనుషులు తెలుసు. పుంగనూరు నుంచి కుప్పం దాకా గొర్రెల కాపుల్లో ఎవడు ఎవడి కొడుకో నోటికొస్తుంది. టీచరు పేరు చదువుతుంది, నేను ఔనంటాను, కాదంటాను. ఈ పుస్తకంలో నాలుగు వందల పేర్లు నేను ఔనన్నవే. మా మామ పేజీ కూడా నేనే చెప్పి రాయించాను. పెద్దవెంకటప్ప. ఆయన కూతురు రామాంజినమ్మ. అక్కడ ఆగిపోయింది. కింద ఖాళీ.

ఆగస్టు 12, మంగళవారం

ఈ రోజు అడిగేశాను. ఊడ్చిన చీపురు మూలన పెట్టి, టీచరు ముందు నిలబడి అడిగాను.

"ఆ ఖాళీలో నా పేరు, నా కొడుకు పేరు రాసెయ్యి టీచరమ్మా. నాలుగు వందల పేర్లకు నా మాట సెల్లింది. రెండు పేర్లకు సెల్లదా?"

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"మందివి నువ్వు చెప్తే, వంశం చెప్పేవాళ్ల పుస్తకంతో సరిచూసే రాసినాను రంగప్పన్నా. నీదీ అంతే. గుడుపల్లె పక్క పుస్తకం వచ్చింది. పుంగనూరు పక్క పుస్తకం వంశం చెప్పే మునస్వామి ఇంట్లో ఉండాది, పంపిస్తానన్నాడు. దాంట్లో ఏముంటే అది."

"దాంట్లో ఏమీ ఉండదు. వాళ్లు రానేలేదు."

"రాకపోతే రాలేదని తెలుస్తాది కదా. అప్పుడు మునస్వామినే పిలిపిద్దాం."

ఆ పుస్తకం రాకుంటే బాగుండు అనిపించింది ఎందుకో. ముసలితనం.

ఆగస్టు 14, గురువారం

మదనపల్లెకు పోయి వచ్చాను. అచ్చాఫీసులో మా పేజీలు దిద్దించుకు రమ్మని టీచరు సంచి ఇచ్చింది. నా పనీ చూసుకుందామని నేనే పోతానన్నాను.

అక్కడ కంప్యూటరు ముందు యమున అనే అమ్మాయి ఉంటుంది. పక్కన కుర్చీ వేసింది. మర్యాద తెలిసిన పిల్లే.

"అమ్మా, నూట పద్దెనిమిదో పేజీలో జాగా ఉండాది సూడు. ఆడ రెండు పేర్లు ఎక్కియ్యి."

"ఎవురి పేర్లు తాతా?"

"రంగప్ప. దాని కింద మురళి."

"మేడం సంతకం ఉండాదా?"

"నేను సెప్తాండాను కదా."

"నువ్వెవురు తాతా?"

"నేనే రంగప్ప."

ఆ పిల్ల పగలబడి నవ్వింది. "బాగుండాదే! అట్లయితే నా పేరు కూడా జమీందారు కూతురి పక్కన ఎక్కించుకుంటా ఉండు."

నాకు ఒళ్లు మండింది. లేచాను. అప్పుడు ఆమె, "కోపం యాల తాతా, ఈ ఖాళీ అసయ్యంగా ఉండాది, కింద పేర్లు పైకి జరిపేదా?" అంది.

"దాన్ని ముట్టొద్దు!" అన్నాను. పక్క గదిలో మిషను దగ్గర మనిషి కూడా తొంగి చూశాడు.

ముట్టలేదు. ఖాళీ అట్లే ఉంది. కళ్లతో చూసి వచ్చాను.

ఆగస్టు 17, ఆదివారం

పుస్తకం అచ్చుకు పోతుందని రామాంజినమ్మకు చెప్పాను. వింది. టమోటాలు ఏరి బాక్సు నింపింది. పచ్చివి ఒక పక్క, పగిలినవి ఒక పక్క. ఇంకో బాక్సు తీసుకుంది.

మా ఇంట్లో మాటలు తక్కువ. ఎప్పుడూ తక్కువే. అంటే, పదకొండేళ్లుగా.

ఆగస్టు 19, మంగళవారం

మునస్వామి పుస్తకం వచ్చింది. శ్రీనివాసులు కుప్పం బస్సులో తెచ్చాడు, ఎర్రగుడ్డ మూట. వాన. మిద్దె మూడు చోట్ల కారింది. బకెట్లు పెట్టాను. రెండు పాతవి, ఒకటి కొత్తది.

ఆగస్టు 20

నిన్న రాయనిది రాస్తాను. ఎవరూ చూడరు కదా.

టీచరు మూట విప్పి మా మామ పేజీ వెతికి పట్టింది. పైకి చదివింది. శ్రీనివాసులు ఉన్నాడు, నేను ఉన్నాను. ఒకసారి విన్నాను, అంతే, గుర్తుండిపోయింది. ఇట్లా ఉంది:

పెద్దవెంకటప్ప గడప. కూతురు రామాంజినమ్మ. ఇల్లరికపు అల్లుడు ఉన్నాడు. మగబిడ్డ పుట్టినాడని విని పోయినాము. అల్లుడు గడప తొక్కనియ్యలేదు. కుక్కను ఉసికొలిపినాడు. మా నాయనను కరిచింది. పేర్లు రాయలేదు. పిలవనిదే ఈ గడపకు రాము.

శ్రీనివాసులు, "ఎంత కుక్కప్పా?" అన్నాడు. అని నా మొహం చూసి నోరు మూసుకున్నాడు. టీచరు పుస్తకం మూసి, "టీ తాగుదాం రా రంగప్పన్నా" అంది. నేను పోలేదు. బకెట్లో నీళ్లు పారబోయాలి అన్నాను. బకెట్టు సగం కూడా నిండలేదు.

వాళ్లు వచ్చారు. రానేలేదని నేను అన్నది అబద్ధం అనుకోవద్దు, అట్లా అనీ అనీ నాకు అదే నిజమైపోయింది.

ఇల్లరికపు వాడి వంశం పాడేటప్పుడు వాడి నాయన పేరు పాడరు. నాయన చోట మామ పేరు పెట్టి పాడతారు. పెద్దవెంకటప్ప కొడుకు రంగప్ప, అని. వీధంతా చేరి ఉంది. అప్పటికే ఆ ఊళ్లో నన్ను రంగప్ప అని పిలిచినవాడు లేడు. పెద్దవెంకటప్ప అల్లుడు అనేవాళ్లు, వెనక తిరిగితే సంగటికొచ్చినోడు అనేవాళ్లు. మా నాయన పోయి అప్పటికి నాలుగు నెలలు. వాళ్ల ముందర మా నాయన పేరు తీసేసి ఇంకొకరి పేరు పాడితే నేను నిలబడి వినాలా?

రామాంజినమ్మ తలకు పోసుకుని, మూడు నెలల బిడ్డను ఎత్తుకుని గడప లోపల నిలబడి ఉంది. వాళ్లకు ఇవ్వడానికి గొర్రెపిల్లకు పసుపు పూసి పెట్టింది. నేను కుక్క గొలుసు విప్పాను.

కరిచిందని నాకు తెలియదు.

తెలుసు. పెద్దాయన పంచె మీద రక్తం చూశాను.

అయినా ఆ గీత చిన్నస్వామి కొట్టించకుంటే ఇదంతా ఎందుకు వస్తుంది?

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున ఆరు గంటల బస్సు. పలమనేరులో మారి కుప్పం. అక్కడి నుంచి గుడుపల్లె పక్కకు ఆటో. ముందు చిన్నస్వామి ఇంటికే పోయాను. పంతొమ్మిదేళ్ల తర్వాత వాడి వాకిలి తొక్కడం.

వాడు పట్టు పురుగులకు ఆకు వేస్తున్నాడు. చూసి చేతులు దులుపుకుని వచ్చాడు. వాడికీ పళ్లు లేవు.

"ఎవురూ, అన్ననా? ఏమన్నా, దావ తప్పినావా?"

"గీత కొట్టించింది నువ్వా కాదా? అది సెప్పు ముందు."

"కూసోనన్నా సెప్పరాదా. మే, సెంబు నీళ్లు తేమ్మే, మా అన్న కొట్లాడేకి వచ్చినాడు!" అని లోపలికి అరిచాడు. తర్వాత మంచం వాల్చి, మెల్లగా, "అన్నా, ఇల్లరికం పోయినోడి పేరు మీద గీత వాళ్లే పెడతారు. అది పద్దతి. నేను కొట్టించేదేంది? అప్పుడు నాకు మీసాలే రాలేదు" అన్నాడు.

"నువ్వు అడ్డం పడలేదు."

"పడలేదు. నువ్వు పోతాంటే నాకు సంతోసంగా ఉండె. మడి నాకే వస్తాది అని. అది నిజమే." చేతి గోళ్లు చూసుకున్నాడు. "నీకు ఆడ పేరెక్కింటాదనే అనుకుంటి. ఎక్కలేదా?"

నేను చెంబెత్తి నీళ్లు తాగాను. సంగటి తిని పొమ్మన్నాడు. తిన్నాను. కాదని లేవడానికి కోపం చాలలేదు.

మునస్వామి ఇల్లు అక్కడికి రెండు మైళ్లు. చిన్నస్వామి బండి మీద దించుతానన్నాడు, వద్దని నడిచాను. మునస్వామి అంటే ఆ రోజు పుస్తకం మోసుకు వచ్చిన కుర్రవాడు. ఇప్పుడు నా ఈడే కనిపిస్తాడు. వాకిట్లో చాప మీద కూర్చుని చింతగింజలు ఏరుతున్నాడు. నా పేరు చెప్పాను. పైనుంచి కింది దాకా చూశాడు.

"కుక్కను కట్టేసొచ్చినావా సామీ?"

నేను కింద కూర్చున్నాను. చాప జరిపాడు, నేను మట్టిలోనే కూర్చున్నాను. తప్పయింది అని చెప్పాలని బస్సులో అనుకుంటూ వచ్చాను. నోట్లో నుంచి, "మీ నాయనకు కాలు బాగయిందా?" అని వచ్చింది.

"బాగయింది. ఇరవై ఏండ్లు నడిసినాడు దాంతోనే. ప్రతి ఊర్లో ఆ మచ్చ సూపించి మీ కత సెప్పేటోడు. జనం నవ్వేటోళ్లు. ఆయనా నవ్వేటోడు. మీ గడప దావలో మాత్రం మళ్లా పోలేదు."

మురళి సంగతి చెప్పాను. పన్నెండో తేదీ సంగతి చెప్పాను. చింతగింజలు పక్కన పెట్టి విన్నాడు.

"పెండ్లయిందా బిడ్డకు?"

"కాలేదు. ముప్పై ఒక్క ఏండ్లు. బండి మీద వస్తాండె. లారీ."

చాప మీది గింజ ఒకటి తీసి కుప్పలో వేశాడు. తర్వాత, "నేను వస్తా సామీ. పదకొండో తేదీ గురువారం, పొద్దున పదికి. గొర్రె వద్దు, గుడ్డ వద్దు. ఒకటే మాట. పిలవనిదే రామని మా నాయన నాతో రాపించినాడు. ఆ గడపలో పుట్టినోళ్లు పిలవల్ల. ఈయన మా ఇంటి కొడుకు, ఈ బిడ్డ మా ఇంటి బిడ్డ అని గడపలో నిలబడి నోటితో సెప్పల్ల. నీ నోటితో కాదు" అన్నాడు.

"మా మామకు మగబిడ్డల్లేరు. అన్నదమ్ములూ లేరు."

"ఆయమ్మ ఉండాది కదా. ఆయమ్మ సెప్పల్ల."

బస్సులో కూర్చున్నాక అనుకున్నాను, ఇంతేనా, ఇంత సులభమా అని. రామాంజినమ్మ ఒక్క మాట చెప్పడమే కదా. కొడుకు పేరు కోసం ఏ తల్లి చెప్పదు?

ఆగస్టు 25

రేపు అడుగుతాను.

ఆగస్టు 27

వినాయక చవితి. పండగ పూట వద్దు.

ఆగస్టు 29

ఒక గొర్రెకు గిట్టల్లో పుండు. మందు పూశాము ఇద్దరం. ఆమె కాలు పట్టుకుంది, నేను పూశాను. అప్పుడు అడిగి ఉండొచ్చు. గొర్రె ఊరికే ఉండలేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

అడిగాను.

పొయ్యి ముందు సంగటి గెలుకుతోంది. నేను ద్వారబంధం దగ్గర కూర్చున్నాను.

"ఏమ్మే, పదకొండో తేదీ మునస్వామి వస్తాండాడు."

"యాడికి?"

"మన గడపకే."

గెలికే కట్టె ఆగింది. "యాల?"

"పేర్లు రాసుకునేకి. నాది, మురళిది. నువ్వు గడపలో నిలబడి ఒక మాట సెప్పల్ల. అంతే. నీ నోటితోనే సెప్పల్లంట."

ఆమె సంగటి దించింది. ముద్దలు చేసింది. తర్వాత నా వైపు తిరగకుండానే అడిగింది.

"ఏ వరసలో రాస్తారు?"

"ఏ వరసంటే?"

"బతికుండేవోళ్ల వరస ఒకటి ఉంటాది, పోయినోళ్ల వరస ఒకటి ఉంటాది. మా నాయన సెప్పినాడు. నా బిడ్డను ఏ వరసలో రాస్తారు?"

నేను గడప మీది మట్టి వేలితో గీరాను.

"ఆ పొద్దు వాళ్లను రానిచ్చింటే నా బిడ్డను బతికుండేవోళ్ల వరసలో రాసుకోని ఉంటారు. మూడు నెలల బిడ్డ. నా సేతిలోనే ఉండె. నువ్వు కుక్కను వదిలితివి. ఇప్పుడు పోయినోళ్ల వరసలో రాపించేకి నన్ను గడపలో నిలబడమంటాండావా?"

"పుస్తకంలో లేకుంటే వాడు పుట్టనట్టే కదమ్మే."

"నేను కన్నాను. నాకు పుస్తకం సెప్పల్లనా?"

ముద్ద నా కంచంలో పెట్టింది. ఊరిబిండి పచ్చడి వేసింది. గొర్రెల దగ్గరికి పోయింది.

నలభై రెండేళ్లలో ఆ కుక్క మాట ఆమె ఎత్తడం ఇదే మొదటిసారి. ఆమె మరిచిపోయిందని నేను అనుకుంటూ వచ్చాను.

సెప్టెంబరు 3

మాటల్లేవు.

సెప్టెంబరు 4, గురువారం

టీచరు దగ్గరికి పోయాను. శ్రీనివాసులు టీకి పోయిన సమయం చూసి అడిగాను.

"టీచరమ్మా, పోయిన తేదీ రాయకుండా వదిలేస్తే, ఆ మనిషి ఏ వరసలో ఉన్నట్టు?"

"తేదీ తెలియనివాళ్లకు వదిలేస్తాము. చదివేవాళ్లు బతికే ఉండారనుకున్నా అనుకుంటారు."

"అట్లయితే మురళిది వదిలెయ్యి."

"తెలియనివాళ్లకు రంగప్పన్నా."

"నాకూ తెలీదు. తెలీదని రాసుకో."

ఆమె పెన్ను కింద పెట్టింది. కోప్పడలేదు. "తెలీదా?" అని అడిగింది, బడిలో బిడ్డను అడిగినట్టు.

తెలీదు అందామని నోరు తెరిచాను. జూన్ పంతొమ్మిది, బేస్తవారం, పొద్దున ఏడు ముప్పావు, అని వచ్చింది. నేను చెప్పలేదు. అదే వచ్చింది.

టీచరు తాను ఇంటికి వచ్చి రామాంజినమ్మతో మాట్లాడుతానంది. ఇది నా ఇంటి సంగతి, ఎవరూ రానక్కరలేదు అన్నాను. అట్లా అనకుండా ఉండాల్సింది. ఒకసారి అన్నాక మళ్లీ రమ్మని ఎట్లా అడిగేది?

సెప్టెంబరు 6, శనివారం

నాకు అక్షరాలు నేర్పింది మురళే. వాడు మూడో తరగతి. గొర్రెలు ఎండకు చెట్టు కింద నిలిస్తే పలక తెచ్చి పక్కన కూర్చునేవాడు. "సేయి అట్ల గట్టిగా పట్టుకోవద్దు నాయినా, బలపం ఇరుగుతాది" అనేవాడు. నేను బలపం విరిచేస్తే నవ్వేవాడు. నా పేరు రాయడం వచ్చేసరికి ఎండాకాలం అయిపోయింది. మేత లేక మంద తోలుకుని నేను పోయాను. వచ్చేసరికి వాడు నాలుగో తరగతి, నేర్పించే ఓపిక లేదు వాడికి.

వాడి పేరు రాయడం నేను సత్రంలోనే నేర్చుకున్నాను. వాడు చూడలేదు.

ఈ రోజు మళ్లీ అడగబోయాను. ఏమ్మే అన్నాను. ఆమె బాక్సు ఎత్తుకుని లేచిపోయింది. నేను పిలవడం, ఆమె లేవడం. నాలుగు రోజులుగా ఇదే.

సెప్టెంబరు 7, ఆదివారం

శ్రీనివాసులు ఫోన్ నుంచి మునస్వామితో మాట్లాడాను. శ్రీనివాసులును దూరంగా పొమ్మన్నాను. "నా ఫోనుకే నేను టికెట్టు తీసుకోవల్లనా?" అని గొణుక్కుంటూ అరుగు దిగాడు.

"నా పేరు లేకుండా మురళి పేరొక్కటే రాయచ్చునా?" అని మునస్వామిని అడిగాను.

"తండ్రి లేకుండానా సామీ?"

"తల్లి పేరు కింద."

ఆలోచించాడు. "మీది ఇల్లరికం ఇల్లు. ఇల్లరికం ఇంట్లో కూతురే కొమ్మ. కొమ్మకు కాయ ఉండాదని ఆయమ్మ సెప్తే రాస్తా. టీచరమ్మకూ నేనే సెప్తా. నీ పేరు యాడా ఉండదు మల్ల, ఆడా లేదు, ఈడా లేదు. సరేనా?"

"సరే."

"పోయినోళ్ల వరసలోనే రాయల్ల సామీ. అది మార్చలేను."

"తెలుసు."

"అబద్ధం రాస్తే మా నాయన ఒప్పుకోడు" అన్నాడు. ఆయన నాయన పోయి ఎన్నేళ్లో. అయినా నేను సరే సరే అన్నాను.

సెప్టెంబరు 8, సోమవారం

రామాంజినమ్మా,

నోటితో చెబితే నువ్వు లేచిపోతున్నావు. అందుకని రాస్తున్నాను. నువ్వు ఐదో తరగతి దాకా చదివావు, నాకంటే బాగా చదువుతావు. ఇది నీ చేతికి ఇస్తానో లేదో నాకు తెలియదు. పొద్దున మొదట రాసిన కాగితం రెండుసార్లు చేతిలో పట్టుకుని కొట్టం దాకా వచ్చి వెనక్కి పోయాను.

చిన్నస్వామి కాదు. నేనే. వాడి మీద పెట్టుకుని నలభై రెండేళ్లు బతికాను. గొలుసు విప్పింది నేను. మురళి నీ చేతిలో ఉన్నాడు, కుక్క అరిస్తే వాడు ఏడ్చాడు, నువ్వు తలుపు చాటుకు పోయావు. నాకు అంతా గుర్తుంది. నువ్వు ఆ పొద్దే నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. మర్నాడు సంగటి పెట్టావు. నేను గెలిచాననుకున్నాను.

నా పేరు వద్దు. మునస్వామికి చెప్పేశాను. పెద్దవెంకటప్ప, ఆయన కూతురు రామాంజినమ్మ, ఆమె కొడుకు మురళి. అంతవరకే. నువ్వు నా గురించి ఏమీ చెప్పనక్కరలేదు. నేను ఆ పూట ఇంట్లో ఉండొద్దంటే మంద తోలుకుని పోతాను.

వరస మాత్రం నేను మార్చలేను. టీచరు దగ్గర అబద్ధం చెప్పబోయాను, నోరు రాలేదు. నువ్వు అడిగింది న్యాయం. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉండదు కూడా. వాణ్ణి బతికుండేవాళ్ల వరసలో రాయించే రోజు ఒకటి వచ్చింది, దాన్ని నేను తరిమాను. అది తప్ప ఇంకేమైనా అడుగు.

కానీ రామాంజినమ్మా, మనం ఇద్దరం ఇంకెన్నాళ్లు. నువ్వు కన్నావు, నీకు పుస్తకం వద్దు. సరే. నువ్వు పోయిన మరునాడు? వాణ్ణి నువ్వు కన్నావని ఎవరు చెబుతారు? చెప్పేవాళ్లు ఎవరున్నారో నువ్వే చెప్పు, నేను ఊరుకుంటాను.

మునస్వామి గురువారం పదికి వస్తాడు. మోకాళ్లు బాగాలేని మనిషి, మూడు బస్సులు మారాలి. ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడితే, నువ్వు లోపలే ఉండిపోతే, నేను ఏమని చెప్పేది ఆయనకు? ఇంకొకసారి ఆయన్ను తిప్పి పంపడం నా చేత కాదు. రావద్దని చెప్పాలంటే ముందే చెప్పాలి. బుధవారం రాత్రి ఆయన ఎనిమిదికే పడుకుంటాడు, ఫోన్ ఎత్తడు.

ఔను అయితే ఔనను. కాదు అయితే కాదను, తిట్టి చెప్పినా సరే, ముద్ద పెడుతూ చెప్పినా సరే. ఊరికే మాత్రం ఉండొద్దు. ఊరికే ఉంటే నేనేం చేయాలో నాకు తెలియదు.

బుధవారం, పదో తేదీ, సాయంత్రం ఆరు గంటల లోపల నాకు జవాబు కావాలి.